మన ఇంటి అసెంబ్లీ పాయింట్ ఎక్కడ?

(జంషెడ్‌పూర్ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన బడిపంతులు కారు, కర్మాగారంలో ఫోర్‌మన్. అయినా ఎరిగినవాళ్లంతా మాస్టారనే పిలిచారు. షిఫ్టు ఎక్కే ముందు గ్యాంగునంతా ఒకచోట నిలబెట్టి అయిదు నిమిషాలు మాట్లాడందే ఒక్కరినీ పనిలోకి దించేవారు కారు. ఇవాళ ఏ లైను మూసి ఉంది, తల మీద ఏ క్రేను తిరుగుతుంది, ఏదన్నా అయితే ఎవరు ఎటు వెళ్లాలి, ఎక్కడ కలవాలి. నిన్న చెప్పిందే కదా అని ఎవరైనా విసుక్కుంటే, ‘నిన్నటి షిఫ్టు నిన్నటితో అయిపోయింది నాయనా’ అని మళ్లీ మొదటినుంచీ చెప్పేవారు. సాయంత్రాలు మన పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దించారు. ఈ వేదిక మీద ఇంతకు ముందు మాట్లాడినవారు ఎక్కువగా సాహిత్యం గురించి మాట్లాడారు. నేను సివిల్ ఇంజనీరును. మాస్టారు జీతం తీసుకుని చేసిన పనిలోనూ, జీతం లేకుండా చేసిన పనిలోనూ ఒకే శ్రద్ధ కనిపిస్తుంది: ఆపద రాకముందే తన మనుషుల కోసం ఏర్పాటు చేసి పెట్టడం. ఆ శ్రద్ధ గురించే మాట్లాడతాను. భూకంపానికి, వరదకు, గాలివానకు మన ఇళ్లు ఏమేరకు సిద్ధంగా ఉన్నాయన్నది ఇవాళ్టి విషయం.

ముందుగా ఒక ప్రశ్న. ఈ హాల్లో ప్లాంటులో పనిచేస్తున్నవాళ్లు, చేసి రిటైరయినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ డిపార్ట్‌మెంటు అసెంబ్లీ పాయింట్ ఎక్కడో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సైరన్ మోగితే ఏ దారిన బయటికి రావాలో, ఎవరు తలలు లెక్కపెడతారో మీకు తెలుసు. ఆ మనిషే డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, ‘మన ఇంటి అసెంబ్లీ పాయింట్ ఎక్కడ నాన్నా?’ అని పిల్లవాడు అడిగితే మన దగ్గర జవాబుండదు. గ్యాస్ వాసన వస్తే ఎవరు రెగ్యులేటరు కట్టేయాలి, మంచం దిగలేని నాయనమ్మను ఎవరు పట్టుకోవాలి, ఫోన్లు పనిచేయకపోతే ఎక్కడ కలుసుకోవాలి, ఇవేవీ మనం ఇంట్లో ఎన్నడూ అనుకోలేదు. వందేళ్లకు పైగా కర్మాగారం పక్కన బతికిన ఊరు ఇది. జాగ్రత్త ఈ ఊరికి కొత్తగా నేర్పక్కర్లేదు. గేటు లోపల నేర్చుకున్నదాన్ని గడప లోపలికి తెచ్చుకుందామని అడగడానికే ఇవాళ వచ్చాను.

జంషెడ్‌పూర్‌కు భూకంపాల భయం లేదన్న మాట మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. భారత ప్రమాణాల సంస్థ 2002లో సవరించిన పటంలో దేశాన్ని రెండు నుంచి అయిదు దాకా నాలుగు భూకంప మండలాలుగా విభజించారు. అందులో మన ఊరు రెండో మండలంలో, అంటే ముప్పు అన్నింటికన్నా తక్కువ ఉన్న భాగంలో ఉంది. మన ప్రాంతంలోని సింగ్‌భూమ్ శిల వయసు 300 కోట్ల ఏళ్లు దాటింది, ప్రపంచంలోని అతి పురాతన శిలల్లో లెక్క. ఝార్ఖండ్‌లోనే ఉత్తరాన సాహిబ్‌గంజ్, గొడ్డా వైపు నాలుగో మండలం తగులుతుంది. వాళ్లతో పోలిస్తే మనం నిశ్చింతగా ఉండవచ్చనిపిస్తుంది.

అయితే ఆ పటం రెండుతో ఎందుకు మొదలవుతోంది? అంతకు ముందు పటంలో ఒకటో మండలం కూడా ఉండేది. లాతూరు జిల్లాలోని కిల్లారి ఆ ఒకటో మండలంలోని ఊరు. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు, వినాయక నిమజ్జనం ముగించుకుని వచ్చి అలసి పడుకున్న జనం మీద ఇళ్లు కూలాయి. తీవ్రత 6.2. దాదాపు 10,000 మంది చనిపోయారు. హైదరాబాదులో కూడా మంచాలు కదిలి జనం లేచారు. కిల్లారి ఇళ్లు ఎలాంటివో గుర్తు చేసుకోవాలి. రెండేసి అడుగుల మందాన రాతి గోడలు, రాళ్ల మధ్య మట్టి అడుసు, పైన చెక్క దూలాల మీద మందంగా మట్టి కప్పు. ఎండాకాలం చల్లగా ఉంటాయని తరతరాలుగా అలాగే కట్టుకున్నారు. ఆ ఊళ్లలోనే పూరిపాకల్లో పడుకున్నవాళ్లు ఎక్కువగా ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తర్వాతి సవరణలో ఒకటో మండలాన్ని పటం నుంచి తీసేశారు. తక్కువ ముప్పు అన్న మాటకు అర్థం భూమి అరుదుగా కదులుతుందని మాత్రమే. కదిలిన రోజున మన గోడ నిలుస్తుందో లేదో పటం చెప్పదు.

మన దక్షిణ భూభాగం కదలదనే నమ్మకాన్ని చరిత్ర చాలాసార్లు సరిదిద్దింది. 1967లో కొయినా, 1969లో భద్రాచలం, 1997లో జబల్పూర్. 2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నరకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన కదలిక హైదరాబాదు నుంచి విజయవాడ దాకా తెలిసింది. దానికి నెల ముందు, నవంబరు 2న, దీపావళి సెలవుల్లో ఉదయం తొమ్మిదిన్నర లోపే మన పక్కనే ఖర్సావాన్ దగ్గర 4.3 తీవ్రతతో భూమి కదిలింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గిన్నెలు గలగలలాడాయి, జనం వీధిలోకి వచ్చారు, కాసేపు మాట్లాడుకుని మళ్లీ లోపలికి వెళ్లారు. 4.3కూ కిల్లారి 6.2కూ అంకెల్లో తేడా రెండు కూడా లేదు. కానీ ఈ కొలతలో ఒక్కో మెట్టుకు వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన కిల్లారిలో విడుదలైన శక్తి మనం చూసినదానికి సుమారు 700 రెట్లు. ఆ ఉదయం మనం చూసినదాన్ని బట్టి భూకంపం అంటే ఇంతే అనుకోవడం ప్రమాదం.

దూరం సంగతి కూడా చెప్పుకోవాలి. 1934 జనవరి 15న, సంక్రాంతి రోజుల్లో, మధ్యాహ్నం రెండు దాటాక నేపాల్ తూర్పు భాగం కేంద్రంగా మహా భూకంపం వచ్చింది. మన ఊరు అప్పుడు బిహార్-ఒరిస్సా రాష్ట్రంలో భాగం. ముంగేర్, ముజఫర్‌పూర్ పట్టణాలు నేలమట్టమయ్యాయి. వందల కిలోమీటర్ల పొడవున పొలాల్లో నేల మెత్తబడి ఇసుక, నీళ్లు పైకి చిమ్మాయి. ఇళ్లు అలాగే కూరుకుపోయాయి. జైలు నుంచి విడుదలైన రాజేంద్ర ప్రసాద్ సహాయ సంఘాన్ని నడిపారు. ముంగేర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ స్వయంగా పార పట్టి శిథిలాలు తీశారు. అంటరానితనమనే పాపానికి ఇది దేవుడు వేసిన శిక్ష అని గాంధీ అంటే, రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ మాటను బాహాటంగా తప్పుపట్టారు. ప్రకృతిలో జరిగినదానికి ప్రకృతిలోనే కారణం వెదకాలని ఆయన పట్టు. అంటరానితనం మీద గాంధీ చేసిన పోరాటానికి చేయెత్తి మొక్కుతాను. ఈ వాదంలో మాత్రం నేను ఠాగూర్ పక్షం. శిక్ష అనుకుంటే తలవంచడం తప్ప చేసేదేముంది? గోడ బలహీనతే కారణమని తెలిస్తే గోడను బాగుచేసుకుంటాం.

ముంగేర్ మనకు దాదాపు 300 కిలోమీటర్లు. భూకంప కేంద్రం ఇంకా ఉత్తరాన. 2015 ఏప్రిల్ 25 శనివారం నేపాల్‌లో 7.8 తీవ్రతతో కదిలినప్పుడు జంషెడ్‌పూర్‌లో మేడల మీద ఉన్నవాళ్లకు తల తిరిగినట్టయింది, అంతే. అందుకే దూరం మనల్ని కాపాడుతుందని అనుకుంటాం. 2001 జనవరి 26 ఉదయం అహ్మదాబాద్ కూడా దూరంలోనే ఉంది. భుజ్ భూకంప కేంద్రం అక్కడికి 200 కిలోమీటర్లకు పైనే. పాతబస్తీలోని పాత ఇళ్లు చాలావరకు నిలిచాయి. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లు పదుల సంఖ్యలో కూలి వందలమంది చనిపోయారు. 1985లో మెక్సికో నగరానికి భూకంప కేంద్రం ఇంకా దూరం, 350 కిలోమీటర్ల పైచిలుకు. ఎండిన సరస్సు అడుగున కట్టిన నగరం కావడంతో మెత్తని నేల ఊపును పెంచింది. వేలమంది పోయారు. దూరపు భూకంపం నెమ్మదిగా, పొడుగ్గా ఊపుతుంది. ఎత్తయిన భవనాలను, నది ఒడ్డు మెత్తని నేలను అలాంటి ఊపే వెతుక్కుంటూ వస్తుంది. మన ఊరు చాలావరకు రాతి మీద ఉన్నా సువర్ణరేఖ, ఖర్కాయీ ఒడ్డుల్లో ఒండ్రు ఉంది. 1934లో ఆ ఒడ్డున అపార్ట్‌మెంట్లు లేవు. ఇప్పుడు మానగోలో, సోనారీలో, ఆదిత్యపూర్‌లో ఉన్నాయి.

అహ్మదాబాద్‌లో కూలిన చాలా అపార్ట్‌మెంట్లకు ఒక పోలిక ఉంది. కింద కార్ల కోసం వట్టి పిల్లర్లు, పైన అంతస్తుల్లో నిండా ఇటుక గోడలు. గోడలున్న పై భాగమంతా ఒక్క ముక్కగా బిర్రుగా ఉంటుంది. కింద ఉన్న కాలమ్‌లు ఒక్కటే వంగాల్సి వస్తుంది. ఊపంతా వాటి మీద పడి అవి విరిగితే పైభాగం చెక్కుచెదరకుండానే కిందికి కూర్చుంటుంది. మీ భవనం కూడా అలాంటిదే అయితే భయపడి ఫ్లాటు అమ్మేయమని నేననను. సొసైటీ మీటింగులో రంగులు, లిఫ్టు గురించి మాట్లాడేటప్పుడు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి చూపించండి. కొన్ని కాలమ్‌ల మధ్య కాంక్రీటు గోడ కట్టడం, కాలమ్‌లకు పైతొడుగు వేయడం, ఇనుప బ్రేసింగ్ బిగించడం, ఇలా దారులున్నాయి. ఏది ఎక్కడ అన్నది లెక్క వేసి చెప్పాలి. ఆయన వచ్చేలోగా ఏసీ పైపు కోసమో కొత్త గుమ్మం కోసమో ఎవరూ కాలమ్‌ను, బీమును చెక్కకుండా చూసుకోండి.

సొంతంగా కట్టుకుంటున్నవాళ్లతో కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. మన వాళ్లు ఎంతోమంది క్వార్టరు ఖాళీ చేశాక 86 బస్తీల్లో ఎక్కడో ఒకచోట రెండు గదులు వేసుకున్నారు. కొడుకు పెళ్లికి పైన ఇంకో అంతస్తు లేపారు. ప్లాన్ గీసిన ఇంజనీరు ఉండడు, మిస్త్రీ మాటే వేదం. అందుకే మిస్త్రీతో ఏం మాట్లాడాలో ఇంటివాళ్లకు తెలియాలి. ఐఐటీ కాన్పూర్‌లో ఉండగా సి.వి.ఆర్. మూర్తి గారు సామాన్యుల కోసం ‘ఎర్త్‌క్వేక్ టిప్స్’ పేరుతో 24 చిన్న పాఠాలు బొమ్మలతో సహా రాశారు. ఇల్లు కట్టే ప్రతి ఒక్కరూ వాటిని చదవాలని నా కోరిక. ఆ పాఠాల్లోంచి రెండు విషయాలు మాత్రం ఇక్కడ చెబుతాను.

మొదటిది, ఇటుక ఇంటికి బ్యాండు. పునాది మట్టంలో ఒకటి, గుమ్మాల పైన ఒకటి, ఏటవాలు కప్పు ఉంటే కప్పు కింద ఇంకొకటి, ఇల్లంతా ఎక్కడా తెగకుండా చుట్టివచ్చే కాంక్రీటు పట్టీ, లోపల కడ్డీలతో. మన మిస్త్రీలు గుమ్మం మీద, కిటికీ మీద మాత్రం లింటెల్ ముక్క వేసి వదిలేస్తారు. అలా వదిలేస్తే ఊపులో ఏ గోడకు ఆ గోడ విడిపోతుంది. గంపకు అంచు అల్లినట్టు నాలుగు గోడలనూ కలిపి పట్టుకునేది ఆ బ్యాండే. గోడలు కలిసే మూలల్లో నిలువుగా ఒక్కో కడ్డీ పునాది నుంచి కప్పు దాకా నిలబెట్టాలి.

రెండోది, కాలమ్ రింగు. కడ్డీలు కట్టే కుర్రాడి పక్కన ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. చిన్న కడ్డీని బల్ల మీది మేకుల మధ్య పెట్టి నాలుగు మూలలు వంచి, చివర్లను 90 డిగ్రీల దగ్గర ఆపేస్తాడు. చేతికి అలవాటైన వంపు అది. పైనుంచి బరువు మాత్రమే ఉన్నన్నాళ్లు ఏమీ కాదు. భూమి ఊగినప్పుడు కాలమ్ పైపెచ్చు ముందు రాలిపోతుంది. ఆ పెచ్చులో మాత్రమే ఇరుక్కుని ఉన్న కొసలు విచ్చుకుంటాయి, రింగు తెరుచుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీటు పొడి అవుతుంది. అదే కొసను 135 డిగ్రీల దాకా వంచి, మూడు అంగుళాలు కాలమ్ నడిమి కాంక్రీటులోకి దించితే పెచ్చు రాలినా రింగు వీడదు. ఖర్చు పెరిగేది రింగుకు రెండు మూడు అంగుళాల ఇనుము, ఇంకో వంపు. దేశమంతటికీ కడ్డీలు పంపే ఊరు మనది. ఆ వంపు సంగతి మన ఇళ్లలో ప్రతివాళ్లకూ తెలిసి ఉండాలి. ‘బాబూ, ఇంకాస్త లోపలికి వంచు’ అని చెప్పడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. ఇంటి ఆడవాళ్లే ఈ పని బాగా చేయగలరు, ఎందుకంటే పగలంతా మిస్త్రీ పనిని చూసేది వాళ్లే. కాంక్రీటును కనీసం వారం పది రోజులు తడిపేది కూడా వాళ్లే.

ఇల్లు నిలిచినా ఇంట్లో వస్తువులు నిలవకపోవచ్చు. ఒక్కసారి మన పడకగదులు కళ్ల ముందుకు తెచ్చుకోండి. మంచం తలవైపో పక్కనో ఆరున్నర అడుగుల ఇనప బీరువా. దాని నెత్తి మీద సూట్‌కేసులు, ఆ పైన పెళ్లికి పెట్టిన ఇత్తడి బిందె. అటక మీద సంక్రాంతికి తప్ప దించని గంగాళాలు. ఇల్లు చిన్నది, ఇంకెక్కడ పెడతామంటారు. సరే, అక్కడే ఉండనివ్వండి. బీరువా పై అంచును రెండు ఎల్ ఆకారపు ఇనప క్లాంపులతో గోడకు బిగించండి. గోడలో ఫాస్ట్‌నర్ దిగేది ఇటుకలోకో కాంక్రీటులోకో చూసుకోవాలి, ఉత్త ప్లాస్టరింగులో అయితే ఊడివస్తుంది. బరువైనవి కింది అరల్లోకి దించండి. మంచాన్ని బీరువా పడే దూరం నుంచి జరపండి. జరపడానికి చోటు లేకపోతే తల కాళ్లు మార్చి పడుకోండి. గ్యాస్ సిలిండరును గొలుసుతో గోడకు కట్టండి, రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టేయడం ఇంట్లో ఒకరి పనిగా పెట్టండి. గ్యాస్ లీకయితే పిలవాల్సిన నంబరు 1906. అన్ని అత్యవసరాలకు 112, జిల్లా విపత్తు కంట్రోల్ రూముకు 1077. ఈ మూడూ ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అంకెల్లో ఉండాలి, కళ్లజోడు లేకుండా చదవగలిగేట్టు.

మన పిల్లలు కాలిఫోర్నియాలో, జపాన్‌లో ఉన్నారు. అక్కడ అద్దె ఫ్లాటులో పుస్తకాల బీరువాను గోడకు బిగించుకునే ఉంటారు. 2008లో మొదలైన షేకౌట్ డ్రిల్‌లో ఏటా అక్టోబరులో ఆఫీసు బల్ల కింద దూరతారు. జపాన్‌లో 1923 కాంతో భూకంపం వచ్చిన సెప్టెంబరు 1ని సన్నద్ధత దినంగా పాటిస్తారు. ఆ పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు అమ్మానాన్నల పడకగదిలో ఒక గంట డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకుంటే, తెచ్చే చాక్లెట్లన్నిటికన్నా విలువైన కానుక అవుతుంది.

భూమి ఊగుతున్నప్పుడు చేయవలసింది ముందే ఇంట్లో ఆడి చూసుకోవాలి. వంగాలి, గట్టి బల్ల కిందో మంచం పక్కనో తల దాచుకోవాలి, ఊపు ఆగేదాకా బల్ల కాలు వదలకూడదు. మేడ మీద ఉంటే మెట్ల వైపు, లిఫ్టు వైపు, బాల్కనీ వైపు పరుగెత్తకూడదు. బలహీనమైన మట్టి ఇంట్లో, పెంకుటింట్లో గుమ్మం పక్కనే ఉండి, బయట ఖాళీ స్థలం ఉంటే వెంటనే బయటికి వచ్చేయవచ్చు. అలా లేకపోతే అక్కడే తల కాచుకోవాలి. మంచం దిగలేని పెద్దవాళ్లు ఉన్నచోటే దిండు తల మీద పెట్టుకుని మెడ కాచుకోవాలి. ఆగాక చెప్పులు వేసుకుని నడవండి, గాజు పెంకులు కోసుకుని చాలామంది ఆసుపత్రి పాలవుతారు. లైటు స్విచ్చి వేయకండి, అగ్గిపుల్ల గీయకండి. ఆ తర్వాతి కదలికలు వస్తూనే ఉంటాయి కనుక పగుళ్లు పడిన ఇంట్లోకి సామాను కోసం వెళ్లకండి.

ఇక మన ఊరికి అన్నింటికన్నా దగ్గరి ఆపద నీళ్లు. 2021 మేలో యాస్ తుపాను ఒడిశా తీరం దాటి నేరుగా ఝార్ఖండ్ మీదికి వచ్చింది. ఖర్కాయీ, సువర్ణరేఖ రెండూ ప్రమాదస్థాయి దాటాయి. కరోనా రోజుల్లో జనాన్ని బస్తీల నుంచి తరలించాల్సి వచ్చింది. ఆదిత్యపూర్ వంతెన దగ్గర ఖర్కాయీకి 129 మీటర్లు, మానగో వంతెన దగ్గర సువర్ణరేఖకు 121.50 మీటర్లు ప్రమాద స్థాయి. ఈ రెండు అంకెలూ ఒడ్డున ఉన్న పిల్లలకు నోటికి రావాలి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. మన దగ్గర ఎండ కాస్తున్నా ఖర్కాయీ పొంగవచ్చు, ఎందుకంటే దానికి నీళ్లు మయూర్‌భంజ్ వైపు నుంచి వస్తాయి, అటు డ్యాముల గేట్లు ఎత్తితే ఇటు నది లేస్తుంది. అదే సమయంలో పైన చాండిల్ డ్యాము గేట్లు కూడా ఎత్తితే సువర్ణరేఖ నిండుగా పారుతుంది. రెండు నదులూ కలిసే దోముహానీ దగ్గర ఖర్కాయీ నీళ్లకు దిగే దారి ఉండదు. అవి వెనక్కి తన్ని బాగ్‌బేడా, జుగ్‌సలాయి, కదమా శాస్త్రీనగర్ వీధుల్లోకి వస్తాయి. అందువల్ల వాన ఆగింది కదా అని నిద్రపోకూడదు. గేట్లు ఎత్తారన్న కబురు విన్నాక మన దగ్గర ఉండేది కొన్ని గంటలే.

బాగ్‌బేడాలో ఒక వరద తగ్గాక మన వాళ్లింటికి వెళ్లాను. నీళ్లు మంచం పట్టె దాకా వచ్చి పోయాయి. మంచం కింద ఉండే రేకు పెట్టెను ముంగిట్లో తెరిచిపెట్టారు. అందులో సోంపేట దగ్గర ఉన్న ఎకరం కొబ్బరితోట పట్టాదారు పాసుపుస్తకం, ఎల్‌ఐసీ బాండ్లు, ముసలాయన సర్వీసు కాగితాలు, మనవడి పదో తరగతి సర్టిఫికెట్టు. అన్నీ కలిసి ఒక ముద్ద అయిపోయాయి. ఆ ఇంటి పెద్దావిడ అట్లకాడ అంచుతో ఒక్కో పొరా లేపుతోంది. తోట రిజిస్ట్రేషను దస్తావేజు మీద సిరా ఊదారంగు మరకగా పాకిపోయింది, సర్వే నంబరు చదవడానికి రావడం లేదు. వాళ్లకు ఆ తోటే రేపటి ఆసరా. పెట్టె మంచం కింద కాకుండా అటక మీద ఉండి ఉంటే, కాగితాలు జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో ఉండి ఉంటే, ఫోటోలు తీసి కొడుకు ఫోనులో దాచి ఉంటే ఆ బాధ తప్పేది. ఇవాళే చేయగలిగిన పని ఇది.

ఆ సంచి పక్కనే మరో సంచి ఉండాలి. టార్చి, బ్యాటరీలు, నిండా చార్జి చేసిన పవర్ బ్యాంకు, వారానికి సరిపడా బీపీ, షుగరు మాత్రలు, చీటీతో సహా. ఆడపిల్లలకు కావలసినవి. చిన్న నోట్లలో కొంత డబ్బు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేక ఏటీఎంలు మూగబోయాయి. బ్యాంకులో లక్షలున్నవాళ్లు పాల ప్యాకెట్టు కొనలేకపోయారు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లు, అయిదుగురి ఇంటికి ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. తిండి విషయంలో ఈ నేల మనకు గొప్ప వరం ఇచ్చింది. సత్తు పిండి పొయ్యి అక్కర్లేకుండా నీళ్లలో కలిపి తాగవచ్చు, పిల్లలకూ ముసలివాళ్లకూ అరుగుతుంది. అటుకులు, బెల్లం, వేయించిన శనగలు తోడుంటే మూడు రోజులు ఎవరి దయకూ ఎదురుచూడక్కర్లేదు.

పిడుగు మాట కూడా ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళతాను. ఈ రాష్ట్రంలో పిడుగుపాటుకు ఏటా వందలమంది చనిపోతున్నారు, ఎక్కువమంది పొలాల్లో, చెట్ల కింద. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామినీ యాప్ ఫోనులో పెట్టుకోండి. ఉరుము వినపడిందంటే పక్కా ఇంట్లోకి వెళ్లాలి, ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు.

ఆపదలో మొదట తెగిపోయేది కబురు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఊళ్లోని శ్రీకాకుళం కుటుంబాలు ఎంత తల్లడిల్లాయో నాకు తెలుసు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి, కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. ఇక్కడ కదమాలో కూర్చుని అన్నదమ్ములు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్నారు, ఎవరికీ ఏమీ తెలియదు. ఇప్పటినుంచి ప్రతి ఇంటికీ రెండో ఊళ్లో ఒక కబురు మనిషిని పెట్టుకుందాం. ఇక్కడ ఏమైనా జరిగితే విశాఖలో ఉన్న పిన్నికో చిన్నాన్నకో ఒక మెసేజి పెట్టాలి, ‘అందరం బాగున్నాం, ఫలానా చోట ఉన్నాం’ అని. అక్కడ ఏమైనా జరిగితే మనం వాళ్లకు కబురు మనుషులం. కాల్ కలవనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళ్తుంది. ఆ నంబరు పిల్లల చేత బట్టీ పట్టించాలి. ఫోనులో ఉంది కదా అంటే ఫోను పోయిన రోజు సంగతి చెప్పండి.

ఇక అసెంబ్లీ పాయింట్. ఇంటి ముందు ఒకటి: కరెంటు స్తంభానికి, గోడకు, మేడకు దూరంగా ఉన్న ఖాళీ స్థలం. వీధిలో ఉండలేని పరిస్థితి వస్తే రెండోది: మీ పేటలోని మైదానమో, బడి ఆవరణో. వరదకైతే అది మెరక మీద ఉండాలి. పిల్లలు బడిలో, నాన్న బీ షిఫ్టులో, అమ్మ బజారులో ఉన్నప్పుడు ఎవరు ఎవరికోసం వెళ్లాలో కూడా అనుకోవాలి. లేకపోతే ఒకరి కోసం ఒకరు వెతుక్కుంటూ అందరూ వంతెనల మీద చిక్కుకుంటారు.

1995లో జపాన్‌లోని కోబేలో శిథిలాల నుంచి ప్రాణాలతో తీసినవాళ్లలో ఎక్కువమందిని తీసింది ఇంటివాళ్లూ ఇరుగుపొరుగే. సైన్యం, ఎన్డీఆర్‌ఎఫ్ వస్తాయి, కానీ అవి వచ్చేలోపలి గంటలే ఊపిరి గంటలు. ఏ గదిలో ఎవరు పడుకుంటారో పక్కింటివాళ్లకే తెలుసు. అందుకని మన సంఘాన్ని కొన్ని పనులు అడుగుతున్నాను. ఈ ఊళ్లో పిల్లలు దూరాన ఉండి ఒంటరిగా ఉన్న మన పెద్దవాళ్ల జాబితా ఒకటి తయారుచేద్దాం. ఒక్కో ఇంటికి నడిచి వెళ్లగల దూరంలో ఇద్దరిని బాధ్యులుగా పెడదాం, ఆ ఇద్దరి దగ్గర తాళంచెవి నకలు ఉండాలి. సంఘం హాలు తాళం ఎప్పుడూ ముగ్గురి దగ్గర ఉండాలి, వాళ్లలో ఒకరు ఎప్పుడూ ఊళ్లో ఉండాలి. ఏటా జూన్ మొదటి ఆదివారం, వానలకు ముందు, పిల్లలతో డ్రిల్ చేయిద్దాం. పాత మందులు మార్చడం, బ్యాటరీలు చూడడం కూడా ఆ రోజే. బాగ్‌బేడా కుర్రాళ్లు ముందుకొస్తే తాళ్లు, లైఫ్ జాకెట్లు కొనడానికి ఈ స్మారక నిధి నుంచే కొంత తీయవచ్చని మాస్టారి అబ్బాయి ఒప్పుకున్నారు. ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నా వంతు నేను చెబుతాను. వచ్చే ఆదివారం పొద్దున్నే ఒంటరి పెద్దల ఇళ్లతో మొదలుపెట్టి బీరువాలు గోడకు బిగించే పని చేద్దాం. డ్రిల్లింగ్ మెషిన్, క్లాంపులు నేను తెస్తాను. బీరువా కదపడానికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కావాలి. బయటికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర పుస్తకం పెట్టి ఉంది, అందులో పేరు, వీధి, ఇంట్లో బీరువాలెన్నో రాసి వెళ్లండి.